ముందస్తు అర్హతలు: అక్కర్లేదు

పర్యావరణ సమస్యలు: పరిచయం.
మూడు క్రెడిట్లు. సోమవారం పొద్దున్న ఎనిమిదిన్నర.
ముందస్తు అర్హతలు అక్కర్లేదని
కరపత్రంలో నేనే రాశాను.
పందొమ్మిది మంది వచ్చారు, బూట్లనిండా బురదతో,
ఎస్టోనియా ఈశాన్యపు మూల,
ఆకులు పసుపెక్కుతున్న సెప్టెంబరులో.

తెరమీద మొదటి బొమ్మ వేశాను.
బల్లపరుపు నేలమీద ఒకే ఒక్క కొండ, బూడిదరంగులో.
"ఇదేమిటి?"
వ్యర్థం అంటారనుకున్నాను. ఆ మాట కోసం
అంకెలతో ఇంకో పదకొండు స్లయిడ్లు సిద్ధంగా ఉన్నాయి.
వెనక బెంచీనుంచి జినాయిదా అంది:
"మా జారుడుకొండ. అక్కడే నా ముందుపన్ను విరిగింది."
ఎవరికి ఎక్కడ ఏం విరిగిందో
లెక్క తేలేసరికి గంట అయిపోయింది.

నిజమే, దేవుడు ఈ ఊరికి కొండ ఇవ్వలేదు,
నేలకింద మండే రాయి ఇచ్చాడు.
తాతలు తవ్వారు, తండ్రులు కాల్చారు,
దీపాలు ఎక్కడో రాజధానిలో వెలిగాయి.
బూడిద మాత్రం ఇంటిపట్టునే ఉండిపోయింది.

ఐదోవారం కర్బన పాదముద్ర.
విమానం ఎన్నిసార్లు ఎక్కారు? మాంసం వారానికెన్నిసార్లు?
రొడియోన్ ఏ విమానమూ ఎక్కలేదు.
ఆరు రోజులు బంగాళాదుంపలే.
తరగతి మొత్తానికి వాడిదే చిన్న పాదం,
బూటు సైజు నలభైయారైనా.
ఫారం అంచున పెన్సిల్‌తో అడిగాడు:
"మా ఇంటికి వేడినీళ్లు కేంద్రంనుంచి గొట్టంలో వస్తాయి.
అక్కడ రాయి కాల్చేది మా నాన్న.
ఆ పొగ ఎవరి ఖాతాలో రాయను?
వచ్చే ఏడు బాయిలర్ ఆపేస్తారట,
అప్పుడు ఎవరి ఖాతాలోంచి తీసెయ్యను?"
పట్టికలో ఆ గడి లేదు.
"మంచి ప్రశ్న" అని రాశాను.
తెలియనప్పుడు మాస్టర్లు రాసేది అదే.

తొమ్మిదోవారం కొండెక్కాం. సన్నగా వాన.
మీటరు పొడవు, మీటరు వెడల్పు తాడు పరిచి
లోపలున్నదంతా లెక్కపెట్టమన్నాను.
బర్చ్ మొలకలు మూడు. నాచు గుప్పెడు. సీసామూత.
ఎర్ర ప్లాస్టిక్ స్లెడ్జి ముక్క.
"ఇది సజీవమా, నిర్జీవమా?" అడిగింది జినాయిదా,
ముక్కని జేబులో వేసుకుంటూనే.

పిలవకుండానే వచ్చాడు లవ్రెంతి, రొడియోన్ తండ్రి,
డ్యూటీ దిగి, చేతిలో టిఫిన్ డబ్బాతో.
తొడుగు తీసి నేలకి అరచెయ్యి ఆనించాడు
జ్వరం చూసినట్టు.
"ఇక్కడ పెట్టండి."
పెట్టాం. వెచ్చగా ఉంది.
నివురు గప్పిన నిప్పు మాటవరసకి కాదు,
సరిగ్గా మా కాళ్లకింద.
"లోపల ఇంకా కాలుతోంది. ఈ వరస మేం పోసిందే,
నా పెళ్లయిన చలికాలం.
వీళ్లమ్మ గాలి ఎటుందో చూడకుండా
ఒక్క గుడ్డ ఆరేసేది కాదు."
తర్వాత నావైపు తిరిగి, మర్యాదగానే,
"దీనికి ఎన్ని మార్కులు?" అన్నాడు.

డిసెంబరు. పరీక్ష. మొదటి ప్రశ్న తేలికది:
కాలుష్యాన్ని నిర్వచించండి.
ఉండకూడని చోట ఉండే పదార్థం అని
పుస్తకంలోది పుస్తకంలోలాగే అప్పజెప్పారు పద్దెనిమిది మంది.
రొడియోనూ అదే రాసి, కింద ఒక వాక్యం చేర్చాడు:
"ఉండాల్సిన చోటు ఎక్కడో ఎవరూ చెప్పలేదు,
రాయికి గానీ, మా నాన్నకి గానీ."

ఐదుకి మూడున్నర వేశాను. కొట్టేశాను.
నాలుగు వేసి, అదీ దిద్దాను.
కిటికీ బయట మైనస్ పదిహేడు.
గోడవార రేడియేటర్ టక్కుటక్కుమంటోంది,
దానిమీద నా తడి మేజోళ్లు.
ఈ రాత్రి షిఫ్టులో ఎవరున్నారో నాకు తెలుసు.
లేచి వాల్వు తగ్గించాను, ఒక్క మెట్టు.
కాసేపటికి వేళ్లు కొంకర్లు పోయి
అంకె కుదర్లేదు.
మళ్లీ పెంచాను.